ఎడమ చేతి కొంగు

నేపర్‌విల్,
అక్టోబరు 21.

అన్నకు నీ చెల్లెలు దమయంతి నమస్కారాలు.

ఇక్కడ నేను, మా ఆయన, నైనిక ముగ్గురం ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ వదినా రిషితా అలాగే ఉన్నారని తలుస్తాను. ఉత్తరమంటే ముందు ఈ మాట రాయాలని అమ్మ నేర్పింది కాబట్టి రాశాను. మిగతాదంతా అమ్మ నేర్పినట్టు మెత్తగా రాయలేకపోవచ్చు, ముందే చెబుతున్నాను.

గ్రాఫ్ కాగితం వెనకవైపు రాసి, ఫోటో తీసి వాట్సాప్‌లో నువ్వు పంపిన ఉత్తరం చదివాను. దానికి ఫోన్ చేయకుండా ఇలా కాగితాలు ముందేసుకుని కూర్చుందేమిటా అనుకుంటావు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్‌లో పెడతావు. వంటింట్లోంచి వదిన ఒక మాట వేస్తుంది, వెనక మగ్గం చప్పుడు ఒకటి. తీరా అసలు సంగతి వచ్చేసరికి "ఆఁ, సిగ్నల్ పోతున్నది చెల్లే" అంటావు. నీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు సిగ్నల్ పోతుంది. కాగితంతో ఆ బాధ లేదు.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాసేస్తాను. మా ఆయన ఉద్యోగానికి ప్రస్తుతం ఢోకా లేదు. టీమ్‌లో నలుగురిని లేఆఫ్ చేశారు, ఈయనను ఉంచారు. ఆ నలుగురి పనీ ఈయనే చేస్తున్నారు. నేను ఎప్పటిలాగే ఫార్మసీలో. రోజంతా నిలబడే పని, సాయంత్రానికి మడమలు పీకుతాయి. నైనికకు స్కూల్లో ఇది ఆఖరి ఏడాది, కాలేజీలకు అప్లై చేస్తోంది. గుడి దగ్గర బతుకమ్మ ఆడాం. తంగేడు ఎక్కడ దొరుకుతుంది ఇక్కడ, స్టోర్‌లో అమ్మే చామంతులతోనే పేర్చాం. వదిన అడిగిన మోకాళ్ళ ఆయింట్‌మెంట్ పంపుతున్నాను. అది నీకా, తనకా అన్నది మీరిద్దరూ తేల్చుకోండి.

ఇక కింద రెండు గీతలు గీసి మరీ అడిగిన ప్రశ్న. రిషితతో ఏం మాట్లాడావని. నీ బిడ్డ బీటెక్ పూర్తి చేసింది, ఇక్కడ జనవరి అడ్మిషన్ వచ్చింది, పోయిన నెల వీసా ఇంటర్వ్యూకి తేదీ బుక్ చేసుకోమంటే "నేను పోను, ఇంట్లనే మన చీరల కట్టు పని నేర్చుకుంట" అని మొండికేసింది. "నీ మాట ఇంటది, నువ్వే జెర సమజ్ చెయ్యి" అని నాకు అప్పజెప్పావు. మాట్లాడాను అన్నా. ఏం మాట్లాడానో ఈ ఉత్తరంలోనే రాస్తాను. కానీ ముందు మొన్న శనివారం జరిగింది చెప్పాలి. అది చెప్పకుండా ఇది చెబితే నీకు అర్థం కాదు.

నైనికకు ఆర్ట్ క్లాసులో ఒక అసైన్‌మెంట్ ఇచ్చారు. ఏదైనా ఒక చేతిపనిని దగ్గరుండి చూసి, చేసి, దాని గురించి రాయాలి. శుక్రవారం నేను స్టవ్ దగ్గర ఉండగా వచ్చి, "మమ్మీ, రేపు నువ్వు ఫ్రీయా? సిటీలో జాపనీస్ క్రాఫ్ట్స్ డే ఉంది. కసూరి వర్క్‌షాప్ బుక్ చేశా, టూ పీపుల్‌కి" అంది.

"కసూరి మేథీ ఇండియన్ స్టోర్‌లనే దొరుకుతది గదనే. దానికి షికాగో దాంక ఎందుకు?" అన్నాను.

అది నవ్వు ఆపుకోలేక కింద కూర్చుంది. కసూరి అంటే మెంతాకు కాదట. నేయడానికి ముందే నూలుకు అక్కడక్కడా కట్లు కట్టి, రంగులో ముంచి, కట్లు విప్పి, అప్పుడు నేసే బట్టను జపాన్‌లో అలా అంటారట. కట్టు ఉన్నచోట రంగు అంటదు, అదే డిజైన్ అవుతుంది. ఫోన్‌లో ఫోటో చూపించింది. గరిటె పక్కన పెట్టేశాను.

"ఇది మన చిటికి గదే!"

"అంటే మామయ్య చేసేదా?"

"ఆ, మీ మామయ్య చేసేదే" అన్నాను. నేను కూడా చేసేదాన్నని నోటిదాకా వచ్చింది, మింగేశాను. అంత అలవాటైపోయింది నాకు.

పులిహోర డబ్బాలో పెట్టుకుని ఇద్దరం పొద్దున్నే మెట్రా రైలు ఎక్కాం. యూనియన్ స్టేషన్‌లో దిగి, బస్సులో ఇంకో అరగంట ఉత్తరానికి వెళితే జపాన్ వాళ్ళ హాలు వచ్చింది. చూడముచ్చటగా ఉంది అన్నా. నువ్వు ఉంటే ఒక్కో బల్ల దగ్గరా గంటసేపు నిలబడేవాడివి. ఒకాయన మేకు అన్నది లేకుండా చెక్కపెట్టె బిగిస్తున్నాడు. మన వడ్రంగి రంపాన్ని ముందుకు తోసి కోస్తాడు కదా, ఆయన తనవైపు లాక్కుంటూ కోస్తున్నాడు. ఇంకొకామె నీళ్ళ తొట్టిలోంచి జల్లెడతో కాగితాలు తీస్తోంది. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఏ బల్ల దగ్గరకు వెళ్ళినా చేస్తున్నవాళ్ళు ఫలానా గురువు దగ్గర నేర్చుకున్నామని ముందు ఆ పేరు చెప్పి, ఆ తర్వాతే పని మొదలుపెడుతున్నారు. అది నాకు ఎంతో నచ్చింది. నచ్చిందని ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది.

మా క్లాసు వెనక గదిలో. నేర్పే ఆవిడ పేరు కజుయో. అరవై దాటి ఉంటాయి, షికాగోలోనే ముప్పై ఏళ్ళుగా ఉంటోంది, ఇంగ్లీషు నెమ్మదిగా విడివిడిగా మాట్లాడుతుంది. మూలన నీలిమందు తొట్టి. ఆ వాసన తగలగానే నాకు మన వెనక పెరడు గుర్తొచ్చి కళ్ళు తడయ్యాయి. పన్నెండు మందిమి బల్ల చుట్టూ కూర్చున్నాం. ఆవిడ నూలు పోగుల పేటను బిగించి, జేబులోంచి నల్లటి రబ్బరు పట్టీ ఒకటి తీసింది. సైకిల్ ట్యూబు అన్నా! సన్నగా కోసిన సైకిల్ ట్యూబు. జపాన్‌లో నారతో కడతారట, తనకు మాత్రం ఇదే బాగా కుదిరిందట. పట్టీ ఒక కొసను పళ్ళ మధ్య పెట్టుకుని, మెడ పక్కకు తిప్పి లాగి, నాలుగు చుట్లు చుట్టి, కొసను లోపలికి దోపింది. తల ఎత్తి మాతో, "టైట్ అంటే చాలదు. మా గురువుగారి మాటే సరైనది. బిర్రు! బిర్రు!" అంది.

గదిలో అమెరికన్లు, జపాన్ వాళ్ళు, ఒక మెక్సికన్ ముసలాయన, అందరూ నవ్వుతూ "బిర్రు, బిర్రు" అంటున్నారు. నైనిక కూడా. నేను ఒక్కదాన్నే నోరు తెరవలేదు. పళ్ళతో పట్టి మెడ తిప్పడం ఎవరిది? ముడి వదులైతే "బిర్రుగ!" అని అరవడం ఎవరిది? ఆ అరుపుకు ఉలిక్కిపడుతూ పెరిగినదాన్ని నేను.

తర్వాత ఆవిడ గురువు పేరు చెప్పింది. అంజయ్య-సాన్. సాన్ అంటే మన గారు లాంటిదే. నువ్వే అన్నా. తొమ్మిదేళ్ళ కిందట ఇండియా వెళ్ళి, మూడు వారాలు మన ఇంట్లో ఉందట. తొమ్మిదింటికి మొదలుపెడితే చీకటి పడేదాకా పక్కన కూర్చోబెట్టుకుని గ్రాఫ్ గీయడం, గుర్తులు పెట్టడం, కట్టడం, విప్పడం అన్నీ నేర్పావట. ఏదీ దాచుకోలేదట. "ఆడవాళ్ళ వేళ్ళు సన్నగా ఉంటాయి, ఈ పని ఆడవాళ్ళకే బాగా వస్తుంది" అన్నావట.

ఆ ఏడాది నాకేం చెప్పావో గుర్తుందా? "ఎవరో జపాన్ ఆమె అచ్చింది, చూసి పోయింది, మీ వదిన చాయ్ పోసింది." అంతే. మూడు వారాలను ఒక చాయ్ చేశావు.

నాకు పదిహేనేళ్ళప్పుడు నీ వెనకాల తిరిగాను. నాన్న పోయి ఏడాది, ఇంటికి నువ్వే పెద్ద. కట్టు నేర్పు అన్నా, కట్టు నేర్పు అన్నా అని ఒక వర్షాకాలమంతా అడిగాను. ఏమన్నావు? "ఆడివిల్లవు నీకెందుకే కట్టు? ఆసు పోసుకో సక్కగ. రేపు నీ పెండ్లయితే మన పని పోయి అవతలోళ్ళ ఇంట్ల కూసుంటది. అండ్ల నీది ఎడమ చెయ్యి. ఆ చేత్తోని కడితే ముడి నిలవది." పోగులు చుట్టే ఆ ఆసు చట్రం ముందు కూర్చుని ఒక్క చీరకు కొన్ని వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాను, భుజం పడిపోయేదాకా. ఆ పనికి ఎడమ చెయ్యి అడ్డం రాలేదు నీకు.

సరే, మూర్ఖంగా అన్నావు, ఆ రోజులు అలాంటివి అని సరిపెట్టుకుందును. కానీ క్లాసు అక్కడితో ఆగలేదు.

కజుయో గారు గోడ దగ్గరకు వెళ్ళి ఒక ఫ్రేము మీది గుడ్డ తీసింది. అద్దం వెనక జానెడు పట్టు ముక్క. ఎర్రటి నేల మీద వరసగా తెల్ల ఏనుగులు. నేను కుర్చీ పట్టుకున్నాను. ఏనుగుల అంచులన్నీ ఒకేవైపు వాలి ఉన్నాయి. "చూడండి, కట్టు అంచున రంగు ఎప్పుడూ కాస్త లోపలికి పాకుతుంది. అంజయ్య-సాన్ పనిలో ఇటు పాకుతుంది. ఇందులో అటు. ఇది వేరే చెయ్యి, ఎడమ చెయ్యి" అని వేలితో చూపించింది. నీ పనిలో అన్నిటికంటే మంచి ముక్క ఒకటి ఇవ్వమని అడిగిందట. నువ్వు ఇనప్పెట్టెలోంచి చీర తీసి, కొంగులోంచి కత్తిరించి ఇచ్చావట. "ఇది మీ చెయ్యి కాదు కదా" అంటే నవ్వావట. ఆ తర్వాత "మై సిస్టర్. లెఫ్ట్ హ్యాండ్" అన్నావట. మొదటి కట్టు విప్పినప్పుడే నీకు తెలిసిపోయిందని, అది తిరగేసి ఊడిందని చేతులతో చేసి చూపించావట. ఆ చీరకే నీకు అవార్డు వచ్చిందని కూడా చెప్పావట.

"ఆవిడను కలవవచ్చా అని అడిగాను" అంది కజుయో గారు. "సిస్టర్ నో మోర్ అన్నారు. ఇలా పైకి చూపించారు."

ఆవిడ చెయ్యి పైకెత్తి కప్పు వైపు చూపించింది. గదిలో అందరూ తలలు వంచారు. నేను కూడా వంచాను అన్నా. నా కోసం నేనే మౌనం పాటించాను. ఫ్రేము ముందు చిన్న కప్పులో టీ పెట్టి ఉంది. ఇంకా నయం, నా ఫోటో దొరకలేదు. దొరికితే దండ కూడా వేసేవారు. ఫ్రేము కింద కార్డు మీద ఇంగ్లీషులో రాసి ఉంది: "కట్టినది అంజయ్య సోదరి. పేరు తెలియదు."

నైనిక నా చెవి దగ్గరకు వచ్చి, "మమ్మీ, మామయ్యకి ఇంకో సిస్టర్ ఉండెనా?" అంది.

"లేదు. నేనొక్కదాన్నే."

"నువ్వు లెఫ్టీ కదా?" అంది. ఇంక దాని నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

అందరికీ తలో నూలు పేట ఇచ్చి కట్టమన్నారు. ముట్టుకోకూడదనే అనుకున్నాను. కానీ పట్టీ చేతిలోకి వచ్చాక వేళ్ళు నా మాట వినలేదు. ఇరవై ఏడేళ్ళయింది కట్టి. పళ్ళతో పట్టాను, మెడ తిప్పాను, కట్టాను. ఒకటి, రెండు, పది. ఎవరో వెనక నిలబడ్డారని తెలిసి తల తిప్పితే కజుయో గారు. నా ఎడమ చేతిని చూస్తోంది. ఫ్రేము వైపు చూసింది. మళ్ళీ నా చెయ్యి. "మీది ఏ ఊరు?" అని చాలా మెల్లగా అడిగింది. చెప్పాను. "అంజయ్య మా అన్న. నేను బతికే ఉన్నాను. ఇక్కడే, నేపర్‌విల్‌లో" అన్నాను.

ఆవిడ వంగి నమస్కారం చేసింది. నడుము దాకా వంగి, లేవలేదు. ఎత్తడానికి నేను భుజాలు పట్టుకోవలసి వచ్చింది. అప్పుడు ఏడ్చాను అన్నా. ఇంత పెద్ద దేశంలో ముక్కూ మొహం తెలియని పదిమంది ముందు, పులిహోర డబ్బా సంచి ఒళ్ళో పెట్టుకుని గట్టిగా ఏడ్చాను. ఆవిడ కార్డు తీసి పెన్ను ఇచ్చి నా పేరు రాయమంది. తెలుగులో రాశాను. ఆ టీ కప్పు తీసి పారబోసి, వేడిగా ఇంకో కప్పు తెచ్చి నా చేతికి ఇచ్చింది.

తిరుగు రైల్లో నీ తరఫున నేనే వాదించుకున్నాను. నీ ఇంగ్లీషు నాకు తెలుసు. ఇక్కడ లేదు అనబోయి నో మోర్ అన్నావేమో. పైకి చూపించింది విమానాన్నేమో, అమెరికా అని చెప్పడానికేమో. నైనిక కూడా, "మే బీ ట్రాన్స్‌లేషన్ ప్రాబ్లెమ్ మమ్మీ" అంది. సరే, అదే అనుకుందాం. చంపలేదనే అనుకుంటాను. కానీ పేరు? దమయంతి అన్న నాలుగక్షరాలకు ఇంగ్లీషు అక్కర్లేదు కదా. ఆవిడ పేరు అడిగిందట, నువ్వు తల అడ్డంగా ఊపావట. అక్కడికి వచ్చేసరికి నా దగ్గర వాదన అయిపోయింది.

ఇప్పుడు నేను దాచుకున్నది చెబుతాను. నీకు తెలిసిపోయిందే అయినా నా నోటితో నేను చెప్పాలి. పోటీకి చీర ఇవ్వడానికి నెల కూడా లేనప్పుడు నీకు పచ్చకామెర్లు వచ్చాయి. పసరు మందుకని పెద్దమ్మ ఇంట్లో ఇరవై రోజులున్నావు. కొంగుకు ఒక్క కట్టు కూడా పడలేదు. అమ్మ నన్ను ముందు గదిలో కూర్చోబెట్టి, పట్టపగలు తలుపు గొళ్ళెం వేసి, "నువ్వు దొంగచాటుగ కడుతవని నాకెరుకే. కట్టు బిడ్డా" అంది. కట్టాను. నువ్వు తిరిగి వచ్చేనాటికి రంగులు కూడా అద్దేశాం, కట్లు విప్పి నేయడమే మిగిలింది. చిన్నమామ వచ్చి కట్టిపోయాడని నీకు తనే చెబుతానని, నిజం నేను ఎప్పటికీ చెప్పకూడదని అమ్మ తన తల మీద నా చెయ్యి పెట్టించుకుంది. "అన్నకు ఎరుకైతే మనసు చిన్నగయితది" అంది.

అందుకని ఇరవై ఏడేళ్ళు నీ మనసును కాపాడాను. హైదరాబాదులో నీకు శాలువా కప్పినప్పుడు వెనక వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. ఏనుగులు నడుస్తున్నట్టే ఉన్నాయని అవార్డు ఇచ్చినవాళ్ళు మెచ్చుకుంటే నువ్వు నమస్కారం పెట్టావు. నా పెళ్ళికి ఆ చీర ఇవ్వమని అడిగితే, "అది మన దగ్గర యాడున్నది, మ్యూజియంల పెట్టిండ్రు" అన్నావు. నమ్మి, ఇంకో చీర కట్టుకుని పీటల మీద కూర్చున్నాను. అది మన ఇనప్పెట్టెలోనే ఉంది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళూ నీ మీద నాకు జాలి ఉండేది. పాపం అన్నకు తెలియదు, తెలిస్తే తట్టుకోలేడు, నేను పెద్ద మనసుతో ఊరుకున్నాను అని లోలోపల గర్వపడేదాన్ని. నువ్వు ఎప్పుడు ఎన్ని మాటలన్నా ఆ గర్వంతోనే పడ్డాను. నీకు తెలుసు. మొదటి కట్టుతోనే తెలుసు. తెలిసి కూడా నా ఎదురుగా ఎడమ చేతి కట్టు నిలవదని అంటూనే వచ్చావు. నన్ను దాయనిచ్చి, దాస్తున్నానని తెలిసి, నువ్వు నోరు మూసుకుని కూర్చున్నావు. అవార్డు పోతే పోయింది అన్నా, నాకు దాని మీద ఆశ లేదు. శాలువా కూడా నువ్వే ఉంచుకో. ఒక్కసారి, ఎవరూ లేనప్పుడు, పొయ్యి దగ్గరో బావి దగ్గరో, "బాగ కట్టినవ్ చెల్లే" అని ఉంటే సరిపోయేది. ఆ మాట సముద్రాలు దాటి వచ్చిన మనిషికి చెప్పావు, నాకు చెప్పలేదు.

ఇక రిషిత సంగతి. ఇందులో తప్పు నాది.

పోయిన నెల నువ్వు చెప్పమన్నావని దానికి ఫోన్ చేశాను. అది చాలాసేపు వాదించింది. చివరికి నన్నే అడిగింది, "అత్తా, నువ్వు ఎప్పుడన్న కట్టినవా? నిజం చెప్పు" అని. నేనేమన్నానో తెలుసా? "కట్టి చూసిన బిడ్డా. ఒక్క ముడి నిలవలే. రంగంత పాకి పట్టు ఖరాబయింది. మన ఇంట్ల ఆడోళ్ళ చేతికి కట్టు రాదు" అన్నాను. అమ్మకు ఇచ్చిన మాట, నీ పరువు, అన్నీ కలిసి నా నోట ఆ అబద్ధం పలికించాయి. రెండు రోజుల తర్వాత వీసా తేదీ బుక్ చేసుకున్నానని మెసేజ్ పెట్టింది. నువ్వు సంబరపడి నాకు రెండు దండాల బొమ్మలు పంపావు. నాకు పదిహేనేళ్ళప్పుడు నువ్వు చేసిందే దానికి ఇరవై రెండేళ్ళప్పుడు నేను చేశాను. నీ మీద ఇన్ని పేజీలు రాశాను, నేను నీకేం తీసిపోలేదు.

అందుకని నిన్న ఆదివారం దానికి మళ్ళీ ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. గొళ్ళెం వేసిన గది, చిన్నమామ పేరు చెప్పి అమ్మ ఆడిన అబద్ధం, అవార్డు కొంగు ఎవరు కట్టారన్నది. నేను దానితో అబద్ధమాడానని చెప్పి క్షమించమన్నాను. చదువుకోవాలని నిజంగా అనిపిస్తే రమ్మను, మా ఇల్లు ఉంది, నైనిక గది పంచుకుంటుంది. కట్టు నేర్చుకోవాలని ఉంటే నేర్పు. ఆ జపాన్ ఆవిడకు ఇచ్చిన మూడు వారాలే నీ బిడ్డకూ ఇవ్వు, ఏదీ దాచకుండా. నువ్వు కాదంటే చెప్పు, ఫార్మసీలో సెలవు పెట్టి నేనే వస్తాను. ఏది చేసినా అది నిజం తెలుసుకుని చేయాలి. నా అబద్ధం విని భయపడి మాత్రం విమానం ఎక్కకూడదు.

అంతా విని అది ఏడవలేదు. ఒక్కటే అడిగింది. "అత్తా, కొంగు నువ్వే కట్టినవని డాడీకి తెల్సా?"

తెలుసని నేను చెప్పలేదు. తెలియదనీ చెప్పలేదు. కజుయో గారి మాటా చెప్పలేదు. ఇంతకాలం నీ బదులు నేనే మాట్లాడాను, ఈ ఒక్క జవాబూ నువ్వే చెప్పాలి.

ఈ ఉత్తరాన్ని పోస్టు చేయడం లేదు. మా పక్కింటి ప్రణీత రేపు హైదరాబాదు వెళుతోంది, తనతో రిషితకు పంపుతున్నాను. కవరు విప్పకుండా నీ చేతికి ఇమ్మన్నాను. ఇచ్చి వెళ్ళిపోవద్దని, నువ్వు చదవడం అయ్యేదాకా ఎదురుగా నిలబడమని చెప్పాను. అది నా మాట వింటుందని నువ్వే కదా రాశావు. కాబట్టి ఇప్పుడు నీ ముందే ఉండి ఉంటుంది.

తల ఎత్తి దానికి జవాబు చెప్పు.

ఇట్లు,
నీ తోడబుట్టినది,
దమయంతి